ఆ వార్తలో మా ఊరెందుకు?

తెలుగు పత్రికల జిల్లా డెస్కుల్లో పనిచేసే ఉప సంపాదకులకు, క్రైం వార్తలు రాసే విలేకరులకు, ఆ వార్తలనే వీడియోలు చేసి థంబ్‌నెయిళ్ళు పెట్టే ఛానళ్ళ వాళ్ళకు,

నమస్కారం.

నేను లెక్కల టీచర్ని. మాది బాపట్ల జిల్లా స్టువర్టుపురం. ఈ రెండో వాక్యం చదవగానే మీలో కొందరికి మొదటి వాక్యం మరుగున పడిపోయి ఉంటుంది. ఈ ఉత్తరం దాని గురించే.

మాకు వందల కిలోమీటర్ల అవతల ఏదో పట్నంలో, తాళం వేసిన ఇంట్లో దొంగలు పడతారు. బీరువా పగలగొట్టి బంగారం పట్టుకుపోతారు. పోలీసు జాగిలం వీధి మలుపు దాకా వెళ్ళి ఆగిపోతుంది. వేలిముద్రలు సరిపోల్చడం ఇంకా మొదలే కాదు. మర్నాడు జిల్లా పేజీలో హెడ్డింగు: ‘స్టువర్టుపురం ముఠా పనేనా?’ చివర ప్రశ్నార్థకం పెట్టారు కాబట్టి మీకే పూచీ లేదు. నెల తిరిగాక ఆ ఇంట్లో పని మానేసిన డ్రైవరో, దగ్గరి చుట్టమో దొరికితే ఆ కబురు లోపలి పేజీలో సింగిల్ కాలంగా వస్తుంది. అందులో మా ఊరి ఊసే ఉండదు. నిజానికి ఊరి పేరు ఉండాల్సింది అక్కడ. ‘మొదటిరోజు మేం అనుమానించిన ఊరికీ ఈ దొంగతనానికీ సంబంధం లేదు’ అని ఒక్క ముక్క నేనైతే ఇంతవరకూ ఎక్కడా చదవలేదు.

మా ఊళ్ళో ఎవరూ ఏనాడూ దొంగతనం చెయ్యలేదని వాదించడానికి ఇది రాయడం లేదు. చేశారు. జైళ్ళకు వెళ్ళారు. కొందరు తిరిగి రాలేదు. ఆ కథలు మీకంటే మాకే బాగా తెలుసు, అవి మా చుట్టాల కథలు కాబట్టి. కానీ బ్యాంకులకు వేల కోట్లు ఎగ్గొట్టి విమానం ఎక్కినవాళ్ళ సొంతూరు పేరు ఏ హెడ్డింగులోనైనా చూశారా? వాళ్ళ ఊళ్ళో పుట్టిన పిల్లలకు హాస్టల్లో సీటు ఇచ్చేటప్పుడు వార్డెను ఒకసారి కళ్ళజోడు సవరించుకున్నాడా? ఒక మనిషి చేసిన తప్పు కొన్నిచోట్ల ఆ మనిషి దగ్గరే ఆగుతుంది. కొన్నిచోట్ల ఊరంతా పాకుతుంది. ఎక్కడ ఆగాలో ఎక్కడ పాకాలో మొదట రాసిపెట్టింది మీరు కాదు. అయితే ఆ రాతను ఇప్పటికీ అరిగిపోకుండా దిద్దుతున్నది మీరు.

మొదట రాసిందెవరో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ కొత్త కంట్రిబ్యూటర్లలో చాలామందికి ఇది తెలియదని వాళ్ళ వార్తలు చదివితే అర్థమవుతోంది.

మేం ఎరుకలవాళ్ళం. రైళ్ళు రాకముందు మావాళ్ళలో చాలామంది బేరగాళ్ళు. కోస్తా ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని పై సీమలకు మోసుకెళ్ళేవాళ్ళు, అక్కడి ధాన్యం దింపుకొచ్చి ఇక్కడ అమ్మేవాళ్ళు. బుట్టలు, తట్టలు, తడికలు అల్లడం, పందులు పెంచడం, ఆడవాళ్ళు ఎరుక చెప్పడం దాని పక్కనే సాగేవి. 19వ శతాబ్దం రెండో సగంలో రైలు వచ్చి సరుకు తన మీద వేసుకుపోయింది. ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసింది. అడవి చట్టాలు వచ్చి వెదురు కొట్టుకోవడం కూడా నేరమైపోయింది. బతుకుతెరువు పోయిన మనుషులు ఊరూరా తిరుగుతుంటే, ఒకచోట నిలకడగా ఉండి శిస్తు కట్టేవాణ్ణే మంచివాడనుకునే దొరతనానికి వాళ్ళు అనుమానాస్పదంగా కనిపించారు. 1871లో నేరస్థ తెగల చట్టం ఉత్తరాది కోసం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. గెజిట్లో ఒక ప్రకటన వేస్తే చాలు, తెగ తెగంతా నేరస్థులే. ఆ ప్రకటన తప్పని కోర్టులో వాదించే వీలు కూడా లేకుండా చట్టంలోనే కట్టుదిట్టం చేశారు. వేలిముద్రలు, హాజరు, పొలిమేర దాటాలంటే చీటీ.

1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించి బాపట్లకూ చీరాలకూ మధ్య ఒక సెటిల్‌మెంటు, అంటే అలా ముద్రపడ్డవాళ్ళను నిఘాలో ఉంచే కాలనీ, పెట్టారు. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడిగా ఉన్న హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. అదే మా ఊరు. మాలాంటివే నెల్లూరు వైపు కావలిలో, కప్పరాళ్ళతిప్పలో వెలిశాయి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు కావలసివచ్చినప్పుడు మావాళ్ళను పంపారు. దొంగలని పేరుపెట్టి తెచ్చిన మనుషులతో పొద్దుగుంకేదాకా చెమటోడ్పించుకోవడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

మా తాతల తరం ఈ హాజరు మధ్యే పెరిగింది. పేరు పిలిస్తే పలకాలి. పలక్కపోతే పారిపోయినట్టు, పారిపోతే దొంగైనట్టు. నేను బళ్ళో రోజూ హాజరు వేస్తాను, నా పిల్లలు ‘ఉన్నాను సార్’ అంటారు. ఆ మాటలో వాళ్ళకు బడే వినిపిస్తుంది. ఒక తెగ మొత్తం పెద్దవాళ్ళయ్యాక కూడా ఆ మాట అంటూనే ఉంటే, ‘నేను కనబడకపోతే తప్పు చేసినట్టే’ అన్న ఊహ వాళ్ళ నరాల్లో దిగిపోదా?

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టాన్ని 1947లో ఎత్తేశారు. దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న పోయింది. ఎత్తెయ్యడానికి ముందు కేంద్రం వేసిన విచారణ కమిటీకి అధ్యక్షుడు తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు, తర్వాత లోక్‌సభ స్పీకరైన ఆయనే. అంటే ఆ మచ్చ తుడవమని చెప్పినవాడూ మనవాడే. చట్టం పోయింది, రిజిస్టరు మాత్రం మీ డెస్కులకు బదిలీ అయింది. పక్క రాష్ట్రం సంగతి ఇంకా విచిత్రం. తమిళనాడు సర్కారు జాబితాలో ఇప్పటికీ ‘దొంగ బోయ’, ‘దొంగ ఊరు కొరచ’ అని కులాల పేర్లు ఉన్నాయి. ఉద్యోగానికో కాలేజీ సీటుకో వెళ్ళే పిల్ల తాసీల్దారు సంతకంతో తను దొంగనని సర్టిఫికెట్ తీసుకెళ్ళాలి. ఆ ‘దొంగ’ మన తెలుగు మాటే అని గుర్తుచేస్తున్నాను.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్నది. మీ హెడ్డింగు మా పరువు తీస్తోందని మాత్రమే ఫిర్యాదు చేస్తే మీరు తేలిగ్గా తప్పించుకుంటారు, పరువుదేముంది, పోయినవాడికి మళ్ళీ వస్తుంది. మీ హెడ్డింగు చేసే పని అంతకంటే లోపలిది. అది మా మనుషులను తయారుచేస్తోంది.

నా సంగతే తీసుకోండి. పదో తరగతి పరీక్ష ఫీజులు వసూలు చేసిన రోజు ఆ డబ్బు నా సొరుగులో పెట్టుకోను. ఇద్దరు టీచర్ల ముందు నోట్లు లెక్కపెట్టి, హెడ్మాస్టరు గారి బీరువాలో పెట్టించి, కాగితం మీద సంతకం తీసుకుని, ఆ కాగితం ఫోటో కూడా తీసుకుంటాను. ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను అనుమానించినవాళ్ళూ లేరు. మా సోషల్ మేడం డబ్బు హ్యాండుబ్యాగులో వేసుకుని ఇంటికెళ్ళి, మర్నాడు తీరిగ్గా కడుతుంది. ఆవిడ నిజాయితీకి సాక్షులక్కర్లేదు. నాకు ఇద్దరు కావాలి, వాళ్ళను నేనే పిలుచుకొస్తాను. జాగ్రత్తపరుడు అని బళ్ళో నాకు పేరుంది. అది నా స్వభావమో, మీరు రాసి రాసి నాకు అంటగట్టినదో ఇప్పుడు విడదీసి చెప్పడం నావల్ల కాదు.

మా ఊరునుంచి బయటికి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ‘మాది చీరాల’ అంటారు. ‘బాపట్ల దగ్గర పల్లెటూరు’ అని ఇంకొందరు. అద్దె ఇల్లు మాట్లాడుకుని అడ్వాన్సు ఇచ్చాక, ఆధార్ జిరాక్సు చూసిన ఇంటివాళ్ళు ‘మా అమ్మాయి పురిటికొస్తోందండీ, పోర్షన్ మాకే కావాలి’ అనడం మాలో చాలామందికి అనుభవం. ఒకటి రెండుసార్లు ఆ మాట విన్నవాడు మూడోసారి నుంచి ఊరు మార్చి చెబుతాడు. చెప్పిన అబద్ధం నోట్లో అలవాటవుతుంది. చిన్న అబద్ధమే, ఎవరికీ నష్టం లేనిది. కానీ ఊరి పేరు దాచుకునేవాడు అమ్మ పుట్టిల్లు దాచాలి, చదివిన బడి దాచాలి, ఇంట్లో మాట్లాడే కుర్రు భాష దాచాలి. ఫోన్ వస్తే పక్కకెళ్ళి మాట్లాడాలి. మా భాష మా పిల్లల దగ్గర ఎందుకు పల్చబడిందని పరిశోధకులు వచ్చి అడుగుతుంటారు. వాళ్ళకు మీ పాత సంచికలు ఇమ్మని చెబుతాను.

దాచుకునేవాళ్ళు ఒక రకం. తొడుక్కునేవాళ్ళు ఇంకో రకం, వాళ్ళ గురించి మీకు తెలియాలి.

మా చెల్లెలి కొడుకు ఒక ఊళ్ళో పాలిటెక్నిక్ చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. మొదటి ఏడాది ఎవరిదో ఫోన్ పోయింది. వార్డెను గదిలోకి వచ్చి ముందు మావాడి ట్రంకుపెట్టె తెరవమన్నాడు. పన్నెండు మంది ఉన్న గదిలో మొదటి పెట్టె వాడిదే ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. వాడు బట్టలన్నీ ఒక్కొక్కటిగా తీసి మంచం మీద పెట్టాడు. అడుగున వాళ్ళమ్మ పెట్టిన జంతికల డబ్బా ఉంటే దాని మూత కూడా తీయించారు. ఫోన్ చివరికి స్నానాల గదిలో కిటికీ గూట్లో దొరికింది, పోగొట్టుకున్నవాడే మర్చిపోయి వచ్చాడు. అందరూ నవ్వుకున్నారు. మావాడు బట్టలు మళ్ళీ మడతపెట్టుకున్నాడు.

రెండో ఏడాది మెస్సులో ఏదో గొడవ జరిగి నలుగురైదుగురు వాడి మీదికొచ్చారు. వాడు చొక్కా చేతులు పైకి మడిచి ‘మాది ఏ ఊరో తెలుసుగా’ అన్నాడట. అంతే, వెనక్కి తగ్గారు. సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి నాకు నవ్వుతూ చెప్పాడు. ‘మామా, ఆ పేరు మొదటిసారి పనికొచ్చింది’ అన్నాడు. ఆ తర్వాత వాడి నడక మారింది. వాట్సాప్ స్టేటస్‌లో దొంగ హీరోల డైలాగులు మొదలయ్యాయి. ఆ నడక మా ఇంట్లో ఎవరికీ లేదు, వాళ్ళ నాన్న గేదెల కాపరి, తలవంచుకుని నడిచే మనిషి. అది సినిమాలో నడక. 1991లోనే మా ఊరి పేరు సినిమా పేరయింది, 2023లో మా ఊరి దొంగ మళ్ళీ పెద్ద హీరో అయ్యాడు. మర్యాద ఎలాగూ దొరకదని తేలిపోయిన కుర్రాడికి భయం చేతికందే దూరంలో ఉంటే, దాన్ని తీసుకోవద్దని ఏ మొహంతో చెప్పను? చెప్పాను, చాలాసేపు చెప్పాను. ‘పెట్టె తెరవమన్న రోజు నువ్వు లేవు కదా మామా’ అన్నాడు.

వాడు ఇవాళ ఒక మంచి కంపెనీలో పనిచేస్తున్నాడు, కంగారు పడకండి. కానీ అలాంటి కుర్రాడు ఇంకొకడు ఆ నడకతోనే ఇంకాస్త ముందుకెళ్ళి ఒకరోజు మీ వార్తలోకి వస్తే, మీరు ‘చూశారా, మేం ముందే చెప్పాం’ అంటారు. ముందే చెప్పడం వల్లే అలా అయ్యాడేమో అన్న ఆలోచన ఒక్క ఎడిషన్లోనూ రాదు.

ఇది నా ఊహ అనుకుంటారేమో. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఒక ప్రయోగం చేశారు. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు, పై కులాలవాళ్ళు 321 మంది, దళితులు 321 మంది. కాగితం మీద చిక్కుదారుల బొమ్మలిచ్చి దారి కనుక్కోమన్నారు, కనుక్కున్నదాన్ని బట్టి డబ్బులిచ్చారు. ఎవరి కులమూ బయటికి చెప్పనప్పుడు రెండు వర్గాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. ఆ తర్వాత ఇంకో గుంపుకు, పిల్లలందరి ముందూ ఒక్కొక్కడి పేరుతోపాటు కులం కూడా చదివి, అవే బొమ్మలు ఇచ్చారు. దళిత పిల్లలు పూర్తిచేసినవి సుమారు ఐదో వంతు తగ్గిపోయాయి. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఉన్న కులాన్ని ఉన్నట్టు పైకి చదివారు, అంతే. లెక్కల టీచరుగా నాకు ఇది నిద్రపట్టనివ్వని ఫలితం. నా క్లాసులో వెనక బెంచీ పిల్లాడు లెక్క తప్పు చేస్తే అది వాడికి రానిదో, ఎవరో పైకి చదివినదో ఎలా తెలియాలి? మీరు రోజూ లక్షలమంది ముందు పైకి చదువుతున్నారు.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు మీ రంగంలోనే ఉన్నాడు. అతన్ని అడిగాను, ఎందుకు నాయనా ఆ పేరు అని. మొహమాటం లేకుండా చెప్పాడు: ‘సార్, ఆ పేరుంటే ఐటెం మెయిన్ ఎడిషన్‌కి వెళ్తుంది, లేకపోతే జోన్ పేజీలో చిన్న బిట్టు. పైగా పోలీసులు ప్రెస్‌మీట్లో అదే అంటారు, మేం రాస్తాం.’ నిజాయితీగా చెప్పినందుకు అతనంటే నాకు గౌరవమే.

పోలీసులు అన్నారు సరే. 2024 అక్టోబరు 3న జైలు మాన్యువళ్ళలో కుల వివక్ష మీద ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, విముక్త జాతుల, అంటే ఆ పాత నేరస్థ తెగల జాబితాలోంచి బయటపడ్డ తెగల, మనుషులను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చెయ్యకుండా చూసుకోమని పోలీసులకు ప్రత్యేకంగా చెప్పింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. పుట్టుకను బట్టి మనిషిని ‘అలవాటుపడ్డ నేరస్థుడు’ అనే పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమంది. ప్రెస్ కౌన్సిల్ నియమావళిలో కూడా, ఒక కులాన్ని కించపరిచే సందర్భంలో కులం ప్రస్తావన మానుకోమని ఉంది. మీరు రాసేది ఊరి పేరే, కులం పేరు కాదు అంటారు. మా విషయంలో రెండూ ఒకటేనని మీకూ తెలుసు, మీ పాఠకుడికీ తెలుసు. తెలుసు కాబట్టే ఐటెం మెయిన్‌కి వెళ్తోంది.

మెచ్చుకోలు సంగతి కూడా చెప్పాలి, అదీ ఇదే జబ్బు. మా పిల్ల ఎవరైనా మెడికల్ సీటు తెచ్చుకుంటే ‘దొంగల ఊరిలో మెరిసిన డాక్టరమ్మ’ అని రాస్తారు. ఆ పిల్ల ఫోటో, పక్కన తల్లిదండ్రులు, వాళ్ళ నెత్తిన ఆ హెడ్డింగు. ఇంట్లోవాళ్ళు పేపరు దాచుకోవాలా పారెయ్యాలా తెలియక పుట్టుమడత మీద మడిచి అటక మీద పెడతారు. 1970ల్లో కవి జాషువా గారి కూతురు హేమలత, ఆమె భర్త లవణం మా ఊరొచ్చి మా మధ్య పనిచేశారు. జైలునుంచి వచ్చినవాళ్ళతో కూర్చున్నారు, పిల్లల్ని బడికి పంపించారు. మా పెద్దవాళ్ళు ఆ ఇద్దరి పేర్లూ ఇప్పటికీ చల్లగా తలుచుకుంటారు. కానీ యాభై ఏళ్ళ తర్వాత కూడా మీరు మా గురించి మంచి రాయాలంటే ‘మారిన దొంగలు’ అనే రాస్తారు. మొన్న పుట్టిన పిల్ల దేన్నుంచి మారాలండీ?

ఒక్క ముచ్చట చెప్పి అసలు విషయానికి వస్తాను. శ్రీనివాసుడు పద్మావతిని పెళ్ళాడాలనుకున్నప్పుడు ఆకాశరాజు ఇంటికి ఏ వేషంలో వెళ్ళాడు? ఎరుకలసాని వేషంలో. బుట్ట నెత్తిన పెట్టుకుని నారాయణవనం వీధుల్లో ‘ఎరుక చెబుతా’నని తిరిగాడు, ధరణీదేవి లోపలికి పిలిపించి కూతురి చెయ్యి చూపించింది. దేవుడికి ఎవరి ఇంట్లోకైనా అనుమానం లేకుండా వెళ్ళగలిగే వేషం కావలసి వచ్చి మా అవ్వ వేషం ఎంచుకున్నాడు. అంటే ఒకప్పుడు మమ్మల్ని చూసి తలుపు తీసేవాళ్ళు. గెజిట్ వచ్చాకే గడియ పడింది. బ్రహ్మోత్సవాలకు ప్రత్యేక సంచికలు వేస్తారు కదా, ఈ సంగతి ఓ మూల పెట్టొచ్చు.

ఇప్పుడు నేను అడిగేవి. ఎవరూ పట్టుబడనప్పుడు ఏ ఊరి పేరూ రాయకండి. పట్టుబడ్డవాడిది మా ఊరే అయితే తప్పకుండా రాయండి, దాచమని నేను అడగను. మిగతా ముద్దాయిల చిరునామా ఎక్కడ రాస్తారో అక్కడ, అంతే సైజులో రాయండి. ‘స్టువర్టుపురం తరహా’ అన్న మాట మానెయ్యండి. తాళం పగలగొట్టడానికి తరహా ఏముంటుంది, గడ్డపలుగు ఎవరి చేతిలోనైనా ఒకటే. మీ వెబ్‌సైట్లలో పాత హెడ్డింగులున్నాయి, కేసు తేలాక అనుమానం తప్పని రుజువైనవి వెతికి కింద ఒక సవరణ పెట్టండి. మా పిల్లలు సొంత ఊరి మీద ప్రాజెక్టు రాయడానికి ఫోన్లో ఆ పేరు కొడితే మొదట వచ్చేవి మీ థంబ్‌నెయిళ్ళే. ఎర్ర అక్షరాలు, ముసుగు మనిషి బొమ్మ, గుండ్రటి బాణం గుర్తు. ఆరో తరగతి పిల్ల అది చూసి, ఫోను పక్కనపెట్టి, ‘సార్, నేను తాజ్‌మహల్ మీద రాస్తాను’ అంది.

చివరగా డెస్కు ఇన్‌ఛార్జిలకు ఒక మాట. మీ కంట్రిబ్యూటరు మా ఊరినుంచి పంపే వార్తల్లో దొంగతనం లేనివి ఎన్ని వేశారో ఈ ఏడాది ఫైలు ఒకసారి తిరగెయ్యండి. ఎండాకాలం మంచినీళ్ళ ఇబ్బంది, బళ్ళో ఖాళీగా ఉన్న పోస్టు, కబడ్డీ పోటీ, పింఛను ఆగిపోయిన ముసలమ్మ. అన్ని ఊళ్ళకూ వేసేవే. వాటిలో దేనికైనా మా ఊరి పేరు హెడ్డింగులో పెట్టి వేస్తే, ఆ కాపీలు నేను డబ్బిచ్చి కొని బళ్ళో పంచుతాను. సంతకం పెట్టించుకునే.

ఇట్లు,
స్టువర్టుపురం వాసి, ప్రభుత్వ పాఠశాల లెక్కల ఉపాధ్యాయుడు